నల్లగొండ ఎండకు యూ మొక్క నిలుస్తదా?

ప్రశ్న: దేవరకొండల ఇంటి ముందు కుండీల యూ (yew, సన్నటి సూదుల లెక్క ఆకులుండే చెట్టు) మొక్క ఉంది. కొసలు గోధుమరంగుకు తిరిగి ఆకు రాలుతున్నది. రోజూ నీళ్లు పోస్తున్నం. ఏం చెయ్యాలె?

జవాబు: ఆ నీళ్లే దాని ప్రాణం తీస్తున్నయన్నా. వేరు కుళ్లితే కొసలు ఎండినట్టే కనబడ్తయి, మనం ఇంకింత పోస్తం. మొక్కను తీసి, నల్లగ మెత్తబడ్డ వేర్లు కోసెయ్యున్రి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు దొడ్డు ఇసుక, ఒక పాలు మాగిన పశువుల ఎరువు కలిపి నాటున్రి. వేలు రెండంగుళాలు దించితే పొడిగ తగిలినప్పుడే నీళ్లు.

ఇంకొకరు: ముందుగాల ఆకు కొలువున్రి. మూడు సెంటీమీటర్ల లోపుంటే అసలు యూ. అది హిమాలయాల చలి చెట్టు, మన మే నెల ఎండకు మధ్యాహ్నం నీడ లేకుంటే ఆగదు. వేలంత పొడుగుంటే పోడోకార్పస్, నర్సరీలల్ల యూ అని అమ్మేది ఎక్కువ ఇదే. అయితే దిగులు లేదు, ఇది కొంత ఓర్సుకుంటది.

మరొకరు: అసలు యూ అయితే కత్తిరించిన కొమ్మలు గేటు బయట పడెయ్యకున్రి. ఎండినా విషం పోదు, మేక తింటే సస్తది.