"మాలవాని నేల ... నిందింప": నడుమ గణం ఏది?

ప్రశ్న (పీపీ, అంటే పబ్లిక్ ప్రాసిక్యూటర్): వేమన పద్యం సగమే నోటికొస్తోంది. "మాలవాని నేల ... నిందింప, నొడల రక్తమాంస మొకటి గాదె". ఆ ఖాళీలో "మహిమీద"నా, "మరిమరి"నా? ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ కేసులు విచారించే ప్రత్యేక కోర్టులో ప్రాసిక్యూషన్ తరఫున వాదిస్తాను. రాతపూర్వక వాదనలో ఈ పద్యం పెట్టాలి. చెడిన పాఠం జడ్జిగారి ముందు పెట్టలేను.

తెనాలి మాస్టారు: మహిమీద. బడిలో చెప్పించుకున్నది అదే.

కర్నూలు: కాదండీ, మరిమరి. భూమ్మీద కాక ఇంకెక్కడ తిడతారు? వేమన ఊరికే మాట పారేయడు.

మాస్టారు: గణాలు చూడండి. మహిమీద సలం, మరిమరి నలం. రెండూ ఆ చోట రావాల్సిన ఇంద్రగణాలే. యతి మా-మ ఎటైనా చెల్లుతుంది. సి.పి. బ్రౌన్ వేమన పద్యాలను 1829లో అచ్చువేసి, 1839లో తానే మళ్లీ దిద్దుకున్నాడు. పాఠాల వ్యవహారం అంత తేలిక కాదు.

వరంగల్: "మహి" ఊతపదమని ఎందుకనుకోవాలి? నలుగురూ తిరిగే నేల మీద, అందరి ఎదుటా నిందించడమని నా అన్వయం. పీపీ గారి చట్టంలోనూ ఈ మెలిక ఉంది కదా?

పీపీ: ఉందండీ. సెక్షన్ 3(1)(ఆర్), (ఎస్) ప్రకారం తిట్టు జనం కంటబడేలా జరగాలి. 2016కు ముందు అది 3(1)(ఎక్స్). బహిరంగ స్థలమే కానక్కర్లేదు. స్వరణ్ సింగ్ కేసులో (2008) ఇంటి గేటు దగ్గర అన్న మాట ఈ సెక్షన్ కిందికి వస్తుందని సుప్రీంకోర్టు అంది. హితేశ్ వర్మ కేసులో (2020) బయటివాళ్లెవరూ లేని ఇంటి నాలుగు గోడల మధ్య అన్నది రాదన్నారు. నన్ను నిజంగా వేధించేది ఇంకొకటి. ఫిర్యాదులో "కులం పేరుతో దూషించాడు" అని ఉంటుంది, అన్న మాట ఉండదు. రాసేవారు సభ్యత కోసం దాన్ని మింగేస్తారు. ఆ మాటే బోనులో బాధితురాలి నోట చెప్పించాలి. చెప్పకపోతే డిఫెన్సు దాన్నే పట్టుకుంటుంది. అడగడం నాకెప్పుడూ కష్టమే, అడక్కపోతే ఆమెకే నష్టం.

కర్నూలు: అందుకే "నిందింప" మీద నా అనుమానం. నింద అంటే లేని తప్పు మోపడం. తిట్టు వేరు.

మాస్టారు: నిందాస్తుతిలో తప్పు మోపడం ఎక్కడుంది? చులకన చేయడమూ నిందే.

కర్నూలు: నిందాస్తుతి అలంకారం మాస్టారూ, దానితో వాడుకను కొలవలేం.

వరంగల్: కులం గురించి ఇంత పదునుగా రాసింది జాషువా. 1941 నాటి "గబ్బిలం" కావ్యంలో అంటరానివాడైన కథానాయకుడి గోడు వినడానికి మనిషే లేడు. పూజారి లేని వేళ శివుడి చెవిన వేయమని పక్షిని బతిమాలతాడు.

పీపీ: ఆ ఘట్టం చదివినప్పుడల్లా సాక్షుల జాబితా గుర్తొస్తుంది. చూసినవాళ్లు ఊరినిండా ఉంటారు, కోర్టుకు వచ్చేవాళ్లు ఉండరు.

మాస్టారు: గబ్బిలం పక్షి కాదు కదమ్మా!

వరంగల్: "ఖగరాజ్ఞి", అంటే పక్షుల రాణి, అని జాషువా ప్రేమగా పిలుచుకున్నదాన్ని నేను పక్షి అనే అంటాను.

కర్నూలు: మూడో పాదం ఎవరూ ముట్టలేదు. "వానిలోన మెలగు వాని కులంబేది". రెండో "వాని" పరమాత్మే అంటారు అందరూ. ప్రాణం అని ఎందుకు కాకూడదు?

మాస్టారు: కాదు. మెలగడం ప్రాణానికి చెప్పరు.

కర్నూలు: ఎందుకు చెప్పరు?