మా ఊరి మెట్లబావి బాగుచేయించాలి, డబ్బు ఎక్కడ దొరుకుతుంది?

అందరికీ నమస్కారం. మాది హనుమకొండ జిల్లా, ఆత్మకూరు వైపు ఒక ఊరు. కాకతీయుల నాటిదని పెద్దలు చెప్పే మెట్లబావి ఒకటి ఉంది. నిరుడు ఎండాకాలం పదిమందిమి కలిసి పూడిక తీస్తే, అడుగున గోడలో చిన్న నేలమాళిగ బయటపడింది. నడుం వంచి దూరాలి. స్తంభం మీద చెక్కిన హంసల వరుస, దానిపైన గబ్బిలాల కంపు!

ఎప్పుడో ఎవరో గోడకు సిమెంటు పూశారు. తేమ బయటికి పోక రాయి పొరలుపొరలుగా లేస్తోంది, గోరు తగిలితే పొడి రాలుతోంది. సున్నం పని తెలిసిన మేస్త్రీ ఎవరైనా ఉన్నారా?

రామప్పకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది కదా, అటు వెళ్లేవాళ్లు కొందరైనా ఇటు తిరుగుతారని ఆశ. లండన్‌లో సెయింట్ పాల్స్ చర్చి కింద సమాధుల గదుల్ని టికెట్ మీద చూపిస్తారు, అక్కడే కాఫీ షాపు కూడా. మాకు మిర్చిబజ్జీల బండి చాలు.

2013 కంపెనీల చట్టం ప్రకారం సీఎస్ఆర్ డబ్బు (కంపెనీలు సమాజం కోసం ఖర్చుపెట్టే సొమ్ము) చారిత్రక కట్టడాలకు వాడొచ్చు. మా యువజన సంఘం నేరుగా అడగొచ్చా, ట్రస్టు పెట్టాలా? కేంద్ర రక్షిత కట్టడమైతే చుట్టూ 100 మీటర్లలో కొత్త ఇల్లు కట్టనివ్వరు. పక్క పొలాలవాళ్లు ఇప్పుడే గొణుగుతున్నారు, అదే టెన్షన్. ఇలాంటి పని చేయించినవాళ్లుంటే, ముందు ఎవరిని కలిశారో చెప్పండి.