అమ్మకు మెథోట్రెక్సేట్ ఇక్కడ్నే మొదలువెట్టాల్నా, హైదరాబాద్ పొయ్యేదాక ఆగాల్నా?

మెట్‌పల్లి పిల్లగాడు:
అందరికి నమస్తే. మా అమ్మకు 46 ఏండ్లు, చిన్నప్పటి సంది బీడీలు చేస్తది. నాలుగు నెలల కింద కుడిచేతి వేళ్లు వాచినయ్, తర్వాత ఎడమ చెయ్యి, ఇప్పుడు రెండు మణికట్లు. పొద్దుగాల లేస్తే చాయ్ గిలాస పట్టరాదు. తొమ్మిది దాటితే గని పిడికిలి ముడువది. ఊర్లె ఆర్‌ఎంపీ సూది ఇచ్చిండు. రెండు రోజులు మంచిగ తిరిగింది, మూడో రోజు మళ్ల మొదటికే. ఎముకల డాక్టర్ కీళ్లవాతానికి చేసే ఆర్‌ఏ ఫ్యాక్టర్ రక్తపరీక్ష రాసిండు, నెగెటివ్ వచ్చింది. "వాతం కాదమ్మా, బీడీల పనికి వచ్చిన నొప్పి" అని పంపిండు. బీడీలు బంద్ చేసి నెలయింది, వాపు అట్లనే ఉంది. ఒంట్ల వాపు ఎంతుందో చూపే ఈఎస్‌ఆర్ రక్తపరీక్షల 62 వచ్చింది.

మొన్న వరంగల్‌ల ఒక ఎం.డి. సార్‌కు చూపిస్తే, ఇది కీళ్లవాతమే, ఈ వారంలనే మెథోట్రెక్సేట్ మొదలువెడ్దాం అన్నడు. మా మామ ఫోన్ల చూసి, అది క్యాన్సర్ మందు, హైదరాబాద్ రుమటాలజిస్టు (కీళ్లవాతం స్పెషలిస్టు) చెప్పంది ఒక్క గోళీ మింగొద్దని కూసున్నడు. ఆ అపాయింట్‌మెంట్ ఏడు వారాలకు దొరికింది. ఏం చెయ్యమంటరు?

కాజీపేట జంక్షన్:
ఆగు తమ్మీ. మీ మామ మాటల మొత్తం తప్పు లేదు. మా బావకు గిట్లనే రెండు చేతులు వాస్తే ఒక డాక్టర్ పేరువెట్టి మందులు రాసిండు. ఆర్నెల్లు తిన్నడు. తీరా పెద్ద దవాఖానల తేలింది, చికున్‌గున్యా మిగిల్చిన నొప్పులని. 2006ల మా ఊర్లె ఇంటికొకరు గోడ పట్టుకొని నడిచిన్రు, గుర్తున్నోళ్లకు ఎరుకే. ఆ జ్వరం పోయినంక కూడా కీళ్లు నెలలకొద్ది వాస్తయ్, పొద్దుగాల బిగుసుకుంటయ్, చూసెటందుకు అచ్చం కీళ్లవాతమే. మీ అమ్మకు అంతకుముందు జ్వరం వచ్చిందా, దద్దుర్లు వచ్చినయా, ఎవరన్న అడిగిన్రా?

మెట్‌పల్లి పిల్లగాడు:
జ్వరం రాలేదన్నా. ఇంట్ల, వాడకట్టుల కూడా ఎవ్వరికి రాలే. ఎం.డి. సార్ గదే ముందుగాల అడిగిండు.

హన్మకొండ ఫిజీషియన్:
నేను పేషెంట్‌ను చూడలేదు. కాబట్టి ఇక్కడ రాసింది చికిత్స అనుకోవద్దు, ఆలోచించే పద్ధతి మాత్రమే చెప్తున్న.

ముందు ఆర్‌ఏ ఫ్యాక్టర్ సంగతి. ఈ జబ్బున్న ప్రతి పది మందిలో ఇద్దరు ముగ్గురికి అది నెగెటివే వస్తుంది. ఇంకోవైపు హెపటైటిస్ సి, టీబీ ఉన్నవాళ్లకు, ఏ జబ్బూ లేని కొందరు ముసలివాళ్లకు పాజిటివ్ వస్తుంది. ఆ ఒక్క కాగితం పట్టుకొని "వాతం కాదు" అనడం తొందరపాటు. యాంటీ సీసీపీ అనే ఇంకో రక్తపరీక్ష ఎక్కువ నమ్మదగ్గది, పాజిటివ్ వస్తే దాదాపు ఖాయం. కానీ అదీ నెగెటివ్ వచ్చి జబ్బు ఉండొచ్చు.

2010లో అమెరికా, యూరప్ రుమటాలజీ సంఘాలు కలిసి ఒక లెక్క పెట్టినయి. మొత్తం 10 మార్కులు, 6 వస్తే ఆర్‌ఏ (రుమటాయిడ్ కీళ్లవాతం) కింద తీసుకోవచ్చు. తమ్ముడూ, మీ అమ్మ చేతులు మీరే ఒకసారి పట్టి చూడండి. వేళ్ల మొదటి కణుపులు, నడిమి కణుపులు, మణికట్లు, ఒక్కొక్కటి మెల్లగా నొక్కితే వాపు గానీ నొప్పి గానీ ఉన్నవి ఎన్ని? పది దాటితే 5 మార్కులు. ఆరు వారాలు దాటింది, 1. ఈఎస్‌ఆర్ ఎక్కువుంది, 1. రక్తంలో రెండు పరీక్షలూ నెగెటివ్ అయినా 7 అవుతయి. అయితే కాజీపేట అన్న చెప్పింది ఈ లెక్క కంటే ముందు రావాలె: వాపుకు ఇంకో కారణం లేదని తేల్చుకున్నాకనే మార్కులు వేయాలె.

ఇక బీడీల పని. పనితో వచ్చే నొప్పి సాయంత్రానికి పెరుగుతుంది, రాత్రి పడుకుంటే తగ్గుతుంది. ఈమెకు రివర్స్. పొద్దున బిగుసుకొని, చేతులు ఆడించిన కొద్దీ వదులవుతున్నయి. ఆ "తొమ్మిది దాటితే" అన్న మాటే నాకు ఈఎస్‌ఆర్ కంటే పెద్ద సాక్ష్యం.

మెట్‌పల్లి పిల్లగాడు:
ఇప్పుడే లెక్కవెట్టిన సార్. మణికట్లతోని 12. గోరు పక్కన కణుపులు మాత్రం మంచిగనే ఉన్నయ్.

హన్మకొండ ఫిజీషియన్:
ఈ జబ్బు సాధారణంగా వాటిని వదిలేస్తుంది.

చెట్ల మందు:
ఎందుకన్నా ఈ ఇంగ్లీష్ మందులు. మా దగ్గర ఒకాయన చూర్ణం ఇస్తడు, వారంల నొప్పి మాయం. వంకాయ, గోంగూర, కోడి కూర బంద్ చెయ్యాలె, అంతే.

పన్నెండేండ్ల పేషెంట్:
నేను తిన్న ఆ చూర్ణం. నిజంగనే వారంల మాయమైంది. నాలుగు నెలలకు ముఖం గుండ్రంగైంది, షుగర్ 280 వచ్చింది. డాక్టరమ్మ ముఖం చూసే అడిగింది, "ఏం పొడి తింటున్నవమ్మా?" అని. పేరు లేని పొడి అంత తొందరగ పనిచేసిందంటే అండ్ల స్టెరాయిడ్ ఉండొచ్చన్నది. వంకాయ నేను ఇప్పటికీ తింటున్న.

హన్మకొండ ఫిజీషియన్:
ఆర్‌ఎంపీ సూది కూడా ఆ బాపతే అయ్యుంటుంది. 1948లో అమెరికాలో ఫిలిప్ హెంచ్ అనే డాక్టర్ మొదటిసారి కార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తే, ఈ జబ్బుతో మంచంలో ఉన్న ఆడమనిషి రోజుల్లోనే నడిచింది, 1950లో ఆయనకు నోబెల్ వచ్చింది. దాని దుష్ఫలితాలు కూడా ఆయన కాలంలోనే బయటపడ్డయి. మేమూ స్టెరాయిడ్ వాడతం, కాదనను. అసలు మందు పట్టుకునేదాకా, తక్కువ డోసులో, మూడు నెలల్లో తగ్గించి ఆపేసే లెక్కన.

కాజీపేట జంక్షన్:
సార్, జబ్బు గదే అనుకుందాం. నా పేచీ వేరే. ఎం.డి. సార్ చీటీ రాస్తడు, బాగనే ఉంటది. నెలకు రక్తపరీక్ష చేయించుమని ఎవరు వెంటవడ్తరు? లివర్ చెడిపోతే, కణాలు పడిపోతే ఎవరు చూస్తరు? నిమ్స్ లాంటి తాన రుమటాలజీకే ఒక డిపార్ట్‌మెంట్ ఉంటది. ఏడు వారాలు ఆగితే చెయ్యి ఊడిపోతదా?

హన్మకొండ ఫిజీషియన్:
ఊడిపోదు. కానీ ఎముక కొరుకుడు వడేది మొదటి ఒకటి రెండేండ్లలోనే ఎక్కువ, పడ్డ గుంత మళ్లీ పూడదు. ఆమెకు ఇప్పటికే నాలుగు నెలలు గడిచినయి. పైగా మెథోట్రెక్సేట్ పనిచేయడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. ఇవాళ మొదలుపెడితే హైదరాబాద్ డాక్టర్ చూసే రోజుకు మందు పట్టిందా లేదా కొంత తెలుస్తుంది.

రక్తపరీక్షలు ఎవరు చూస్తరన్న మీ ప్రశ్నకు మాత్రం నా దగ్గర ఎదురు మాట లేదు. మొదలుపెట్టే ముందు రక్తకణాలు, లివర్, కిడ్నీలకు చేసే క్రియాటినిన్, హెపటైటిస్ బి, సి, ఛాతీ ఎక్స్‌రే చూడాలె. తర్వాత మొదటి మూడు నెలలు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం చూడాలె. ఆ ఎం.డి. సార్ ఇవన్నీ రాసి, మళ్లీ రమ్మని తారీఖు వేసిండా? వేస్తే వరంగల్‌లోనే మొదలుపెట్టమంట. ఉత్త గోళీల చీటీ ఇచ్చి పంపితే మీ మామ పక్షమే నేను.

మెడికల్ షాపు, జగిత్యాల:
ఒక మాట చెప్పి పోత. చీటీ మీద "వారానికి ఒకసారి" అని ఉంటది, ఇంటికి పోయి రోజూ వేసుకుంటరు. మిగిలిన గోళీలన్నీ రోజువే కదా, చెయ్యి అలవాటు. ఒక పెద్దమనిషి తొమ్మిది రోజులు వరుసగ మింగి, నోరంత పుండ్లయి వచ్చిండు. పెద్ద దవాఖానకు ఉరికిచ్చినం. వారానికి ఒక్క రోజే, ఆ రోజు పేరు స్ట్రిప్పు మీద రాసుకోన్రి. ఇంకోటి, ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ గోళీ తోడు లేకుంట అమ్మితే నాకు పానం పట్టది.

హన్మకొండ ఫిజీషియన్:
ఆ రెండు గోళీలకూ మనోడితో చుట్టరికం ఉంది. ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసిందీ, దానికి అడ్డుపడే మెథోట్రెక్సేట్‌ను తెచ్చిందీ అమెరికా మందుల కంపెనీ లెడర్లీలో యల్లాప్రగడ సుబ్బారావు నడిపించిన బృందమే. మామకు చెప్పండి, క్యాన్సర్‌కు వాడే మాట నిజమే. అక్కడ డోసు చాలాసార్లు వందల మిల్లీగ్రాముల్లో ఉంటుంది. ఇక్కడ మొదట్లో వారం మొత్తానికి 7.5 నుంచి 15.

పన్నెండేండ్ల పేషెంట్:
నేను కూడా ఆ క్యాన్సర్ మాటకు భయపడి ఏడాది బంద్ వెట్టిన. ఆ ఏడాదిలనే కుడిచేతి వేళ్లు చిటికెన వేలు దిక్కు వంగినయ్, ఇప్పటికీ జాకెట్ హుక్కు మా బిడ్డ పెట్టాలె. పెండ్లి కావాల్సిన, పిల్లలు కావాల్సిన ఆడపిల్లలు ఎవరన్న ఇది చదివితే, ఈ మందు మీద ఉన్నప్పుడు గర్భం రావద్దు. డాక్టర్‌కు ముందే చెప్తే వేరే మందుకు మారుస్తరు. మీ అమ్మకు నెలసరి ఆగిందా లేదా, అది కూడా చెప్పాలె తమ్మీ.

మెట్‌పల్లి పిల్లగాడు:
నెలసరి ఆగి రెండేండ్లయింది అక్కా, సార్‌కు చెప్పినం. చీటీ మళ్ల తీసి చూసిన. కింద చిన్న అక్షరాలతోని పరీక్షలన్నీ రాసే ఉన్నయ్, మూడు వారాలకు రమ్మని తారీఖు కూడా ఉంది. రిపోర్టులు రేపు వస్తయ్. మంచిగ ఉంటే మొదలువెడ్తం, హైదరాబాద్ అపాయింట్‌మెంట్ కూడా పోనియ్య. మామ ఇంకా మూతి ముడుచుకొనే ఉన్నడు.

అమ్మకు చదువు రాదు, స్ట్రిప్పు మీద రాసినా లాభం లేదు. మా ఊర్ల అంగడి బుధవారం. గా రోజే వేసుకోమన్నం. అమ్మ అప్పుడే దానికి అంగడి గోళీ అని పేరు వెట్టింది.

కాజీపేట జంక్షన్:
మూడు వారాల రిపోర్ట్ ఇక్కడ పెట్టు తమ్మీ. ఎవ్వరు అడగకున్నా నేను అడుగుత.