చేర్యాల పటం కళాఖండం కాదా?

మొదటి పోస్ట్:
మొన్న ఆదివారం మాదాపూర్‌లో ఒక ప్రదర్శనకి వెళ్లాను. ఆయిల్ పెయింటింగ్ పక్కన చీటీ మీద ‘కళాఖండం’ అని రాశారు. దాని పక్కనే ఉన్న చేర్యాల పటానికేమో (తెలంగాణలోని చేర్యాల ఊళ్లో గుడ్డ మీద గీసే కథల బొమ్మ) ‘హస్తకళా వస్తువు’. మనసు చివుక్కుమంది. ఖద్దరు గుడ్డకి చింతగింజల జిగురు, సుద్దమట్టి పూసి ఆరబెట్టి, దాని మీద మార్కండేయ పురాణం గీశారు. ఇలాంటి పటాల్నే కూనపులివారు పద్మశాలీల ముందు విప్పుకుంటూ కథ చెప్పేవారు. అది ఒట్టి వస్తువు ఎలా అవుతుంది?

జవాబు 1:
మీ బాధ అర్థమైందండీ. కానీ ‘అదొక కళాఖండం’ అన్నామంటే గొప్పదని తేల్చి చెప్పినట్టే. 1876లో నిజాం దివాన్ మొదటి సాలార్‌జంగ్ రోమ్‌లో కొన్న మేలిముసుగు రెబెకా శిల్పం చూడండి, పాలరాయి పల్చటి గుడ్డలా కనిపిస్తుంది. ఆ మాట అలాంటివాటికే ఉంచాలి. గీసిన ప్రతి పటానికీ ఇచ్చేస్తే ఇక విలువేముంటుంది?

మొదటి పోస్ట్ రాసినవారు:
మీరన్న వాడుక ఉందండీ, కాకపోతే అది సగమే. ఏకవచనంలో మెచ్చుకోలు వినిపిస్తుంది. అదే ‘మ్యూజియంలో వేల కళాఖండాలు’ అని పేపర్లో చదివితే, అన్నీ గొప్పవేనని ఎవరం అనుకోం. ఖండం అంటే ముక్క, భాగం. ఖండకావ్యం అన్నప్పుడు చిన్న కావ్యమనే కదా అనుకుంటాం!

మీరు చెప్పిన శిల్పం ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియంలోనే బిద్రీ హుక్కాబుడ్లు (నల్లటి లోహం మీద వెండి పొదిగినవి) ఉన్నాయి. బజారులో ఉన్నన్నాళ్లూ వస్తువు, గాజుపెట్టెలోకి చేరాక కళాఖండం. పనితనం మాత్రం రెండుచోట్లా ఒకటే.

జవాబు 2:
‘కళాకృతి’ అంటే సరిపోతుంది కదా? అందులో పొగడ్త లేదు.

మొదటి పోస్ట్ రాసినవారు:
మంచి మాటే. అయితే రెండింటికీ అదే రాయాలి. పెయింటింగ్‌కి కళాఖండం, పటానికి కళాకృతి అంటే మళ్లీ మొదటికొస్తాం.

ఇంకోటి చెప్పడం మర్చిపోయాను. పెయింటింగ్ చీటీ మీద చిత్రకారుడి పేరుంది, పటం చీటీ మీద ఊరి పేరొక్కటే. పటం గీసిన నకాషీ కళాకారుడి పేరు కూడా రాయమని నిర్వాహకులకి ఈ రాత్రే మెయిల్ పెడుతున్నాను. మీరూ పెట్టండి.