నాలుగేళ్ళ పాపకి ఫ్లోరైడ్ పేస్టు వాడొచ్చా? బెంగళూరు ట్యాంకరు నీళ్ళ వాళ్ళు చెప్పండి

పొదిలి_కోడలు (మారతహళ్ళి):
మా పాపకి దవడ పళ్ళు రెండు పుచ్చాయి. డాక్టరు 1000 పీపీఎం ఫ్లోరైడ్ ఉన్న పేస్టు వాడమన్నారు. మా అత్తగారు ససేమిరా అంటున్నారు. మాది పొదిలి వైపు. ఆవిడకీ, తోడబుట్టిన వాళ్ళకీ పళ్ళ మీద పోని గార. "మా కొంప ముంచిందే ఆ ఫ్లోరైడు. దాన్ని డబ్బిచ్చి కొని పిల్ల నోట్లో పెడతారా?" అంటారు. మా అపార్ట్‌మెంటుకి సగం కావేరి, సగం ట్యాంకరు. తాగేది ఆర్ఓ.

నల్లగొండ_బిడ్డ:
అత్తగారి మాటే వినండి అక్కా. మా మర్రిగూడ వైపు ఒకసారి వచ్చి చూడండి, నడుములు వంగిపోయిన వాళ్ళు కనిపిస్తారు. పైగా పిల్లల పేస్టుకి స్ట్రాబెర్రీ వాసనొకటి. మా వాడు బ్రష్ మీదది చప్పరించేసి ఇంకొంచెం వెయ్యమంటాడు. ఉమ్మడం రాని వయసులో ఈ రిస్క్ ఎందుకు? మన తాతలు వేపపుల్లతోనే తోముకున్నారు.

పాలపళ్ళ_డాక్టర్ (జయనగర్):
అన్నా, మర్రిగూడలో నడుములు వంచింది బోరు నీళ్ళు, పేస్టు కాదు. మన దేశంలో ఫ్లోరోసిస్ (ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళు, ఎముకలు పాడయ్యే జబ్బు) గురించి మొదట రాసిందే 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా ఊళ్ళ నుంచి. పొదిలి అప్పుడు ఆ జిల్లాలోనే ఉండేది. ఆ రోజుల్లో అక్కడ ఫ్లోరైడ్ పేస్టు ఎవరు చూశారు? మీరన్న వేపపుల్లే!

లెక్క చూడండి. 1000 పీపీఎం అంటే గ్రాము పేస్టులో ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడ్. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకి బఠాణీ గింజంత చాలు, అంటే పావు గ్రాము. మొత్తం మింగినా పావు మిల్లీగ్రామే. లీటరుకి 3 మిల్లీగ్రాములున్న బోరు నీళ్ళు ఒక్క లీటరు తాగితే దానికి పన్నెండింతలు. మూడేళ్ళ లోపు వాళ్ళకైతే బియ్యపు గింజంతే.

తాతల సంగతంటారా, వాళ్ళు పడుకోబోయే ముందు క్రీమ్ బిస్కెట్లు తిన్నారా? తీపి తిన్న ప్రతిసారీ నోట్లో సూక్ష్మజీవులు ఆమ్లం తయారుచేస్తాయి, దాంతో పన్ను పైపొర కరుగుతుంది. ఫ్లోరైడ్ దాన్ని మళ్ళీ గట్టిపరుస్తుంది. ఆ పని పన్ను మీదే జరుగుతుంది, మింగక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఫ్లోరైడ్ పేస్టుని అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది కూడా.

నల్లగొండ_బిడ్డ:
లెక్క బాగానే ఉంది డాక్టరుగారూ. బఠాణీ గింజంత ఎవరు వేస్తున్నారు? ప్రకటనల్లో బ్రష్ ఈ చివర నుంచి ఆ చివరికి పరుస్తారు. అది గ్రాముకి తక్కువుండదు. రెండు పూటలా మింగితే మీ లెక్కలోనే రెండు మిల్లీగ్రాములు.

పాలపళ్ళ_డాక్టర్:
అందుకే ట్యూబు పెద్దవాళ్ళ చేతిలో ఉండాలి. పక్కన నిలబడి ఉమ్మించాలి. ఆ భయంతో 500 పీపీఎం కొంటున్నారు చాలామంది. పుచ్చు ఆపుతుందని గట్టి రుజువున్నది 1000, ఆ పైన వాటికే. మన దేశంలో పేస్టుకి 1000 దాటకూడదు, ఎంతుందో ట్యూబు మీద వెయ్యాలి. చూసి కొనండి.

సర్జాపూర్_సంఘం:
మా అపార్ట్‌మెంటు నీళ్ళ కమిటీలో ఉన్నాను కాబట్టి చెప్తున్నా. ఆర్ఓ ఫ్లోరైడ్‌ని చాలావరకు తీసేస్తుంది, సరే. అన్నం, పప్పు, టీ దేంతో చేస్తున్నారు? కుళాయి నీళ్ళతోనే కదా! ట్యాంకరు వాడు ఏ బోరులో పట్టాడో ఎవరికి తెలుసు? కాచినా ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు ఇగిరేకొద్దీ చిక్కబడుతుంది. పెన్నులాంటి టీడీఎస్ మీటరు ముంచి "బాగానే ఉన్నాయి" అంటారు, అది మొత్తం లవణాలు చూపిస్తుందే గానీ ఫ్లోరైడ్ విడిగా చెప్పదు. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రకారం తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకి ఒక మిల్లీగ్రాము లోపుండాలి, వేరే దారి లేకపోతే 1.5 దాకా. ముందు ల్యాబులో టెస్ట్ చేయించండి, పేస్టు గొడవ తర్వాత.

పొదిలి_కోడలు:
1937 సంగతి అత్తగారికి చదివి వినిపించాను. "అప్పుడే తెలిస్తే మా చిన్నప్పుడు ఆ నీళ్ళే ఎందుకు తాగనిచ్చారు?" అన్నారు. పేస్టుకి మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. సర్జాపూర్ అన్నా, టెస్టుకి నీళ్ళు దేంట్లో పట్టాలి?

సర్జాపూర్_సంఘం:
శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో పట్టండమ్మా, గాజుది వద్దు. కావేరి వచ్చిన రోజు కాదు, ట్యాంకరు దిగిన రోజు పట్టండి.