స్పెంట్ వాష్ రంగు పోవాలంటే ఫెంటన్ పెట్టాల్సిందేనా?

పీణ్య శ్రీను: బెంగళూరులో నీటి శుద్ధి పనుల్లో ఉన్నాను. మొలాసిస్ (చక్కెర మడ్డి) నుంచి ఆల్కహాల్ తీసే ఒక డిస్టిలరీకి సలహా చెప్పాలి. ఆల్కహాల్ తీశాక మిగిలే నీళ్లు, అంటే స్పెంట్ వాష్, డైజెస్టర్ (గాలి లేకుండా సూక్ష్మజీవులతో శుద్ధి చేసే ట్యాంకు) దాటాక కూడా కాఫీ డికాషన్‌లా ఉన్నాయి. ఫెంటన్ (హైడ్రోజన్ పెరాక్సైడ్, ఇనుము లవణం కలిపి చేసే శుద్ధి) పెడితే రంగు, సీఓడీ (నీటిలోని కాలుష్యాన్ని ఆక్సీకరించడానికి కావలసిన ఆక్సిజన్ కొలత) రెండూ పోతాయని మా టీమ్‌లో సగం మంది అంటున్నారు. మీరేమంటారు?

వాణి: శ్రీను గారూ, ఆ రంగు మెలనాయిడిన్లది. చక్కెరలు, అమైనో ఆమ్లాలు వేడికి కలిసి పుట్టే పెద్ద అణువులు. సూక్ష్మజీవులకు ఓ పట్టాన లొంగవు. ఫెంటన్‌లో పుట్టే హైడ్రాక్సిల్ రాడికల్ వాటిని విరగ్గొడుతుంది, అందులో అనుమానం లేదు. గొడవంతా లెక్క దగ్గరే. గ్రాము సీఓడీకి, కాగితం మీదే, 2.125 గ్రాముల పెరాక్సైడ్ కావాలి. డైజెస్టర్ తర్వాత సీఓడీ లీటరుకు 30,000 మిల్లీగ్రాములు ఉందనుకుంటే, వెయ్యి లీటర్లకు 50 శాతం పెరాక్సైడ్ దాదాపు 128 కిలోలు. రోజుకు 30,000 లీటర్ల ఆల్కహాల్ తీసే ప్లాంట్, లీటరుకు 10 లీటర్ల స్పెంట్ వాష్ వేసుకోండి. రోజుకు 38 టన్నులు! పైగా ఆ నీళ్లలో బైకార్బొనేట్ ఎక్కువ. పీహెచ్ 3కి దించడానికే బోలెడు ఆమ్లం పోయాలి, తర్వాత సున్నం, ఆపైన ఇనుము బురద.

కోరమంగళ రవి: మొత్తం సీఓడీ తీసేయమని ఎవరన్నారండీ? రంగు విరగడానికి అంత డోసు అక్కర్లేదు. ఓజోన్‌తో రంగు త్వరగా తగ్గుతుంది, ముక్కలైన అణువులు మళ్లీ బయో ట్రీట్‌మెంట్‌కు లొంగుతాయి. ఫెంటన్ వద్దనుకుని స్పెంట్ వాష్‌ను ఎవాపరేటర్‌లో చిక్కబరిచి బాయిలర్‌లో కాల్చడానికి మాత్రం ఖర్చు లేదా?

వాణి: ఉంది రవి గారూ, బాగానే ఉంది. కానీ రంగు పోయినా పొటాషియం, క్లోరైడ్లు నీళ్లలోనే ఉంటాయి. డిస్టిలరీలు చుక్క కూడా బయటికి వదలకూడదన్న షరతు ఉన్నా, దొంగచాటుగా వదిలేవాళ్లు ఉండొచ్చు. నల్లటి నీళ్లొస్తే రైతు వెంటనే నిలదీస్తాడు. రంగులేని ఉప్పునీళ్లయితే నేల చౌడుబారేదాకా ఎవరికీ తెలియదు. నా భయం అదే. కాల్చితే పొటాషియం బూడిదలో మిగిలి ఎరువుకైనా పనికొస్తుంది. ఓజోన్ పెట్టాలనుంటే ఎవాపరేటర్ కండెన్సేట్‌కు (ఆవిరి చల్లబడి వచ్చే నీటికి), బయో ట్రీట్‌మెంట్ తర్వాత పెట్టండి. లవణాలు దాదాపు ఉండవు కాబట్టి ఆ నీటిని ప్లాంట్‌లోనే తిరిగి వాడుకోవచ్చు.

పీణ్య శ్రీను: కండెన్సేట్ శాంపిల్ తెప్పిస్తున్నాను. ఫెంటన్ కోటేషన్ అప్పటిదాకా ఆపమన్నాను. రవి గారూ, ఓజోన్ తర్వాత క్లోరైడ్ ఎంతుందో మీ దగ్గర రీడింగులుంటే ఇక్కడే పెట్టండి.