ఏడాది చివర మనల్ని మనం మన్నించుకోవాలా, లెక్క అడగాలా?

పోర్టు లెక్కలు (డిసెంబర్ 27, రాత్రి 10:40)

నేను విశాఖ పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. డిసెంబర్ ఆఖరి వారంలో నాకో అలవాటుంది. జనవరిలో డైరీలో రాసుకున్నవి తీసి, అయినవాటికి టిక్కులు పెట్టుకుంటాను. ఈసారి ఆరు రాసుకుంటే అయింది ఒక్కటే, స్కూటీ నేర్చుకోవడం. పొద్దున్నే బీచ్ రోడ్డులో నడక జనవరి 19తో ఆగిపోయింది. జగదాంబలో కొన్న బూట్లు ఇంకా అట్టపెట్టెలోనే ఉన్నాయి, లోపల ఆ చిన్న తెల్ల పొట్లంతో సహా.

అవి పోతే పోనీ. నాకు నిద్ర పట్టనివ్వనిది నాలుగోది: "నాన్నకి కంటి ఆపరేషన్". నాన్న నర్సీపట్నంలో ఒక్కరే ఉంటారు. ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సెక్కితే రెండున్నర గంటలు. శుక్లం తీయించడానికి హనుమంతవాక కంటి ఆసుపత్రికి తీసుకొద్దామని మూడుసార్లు తేదీ అనుకున్నాం, మూడుసార్లూ నేనే వాయిదా వేశాను. ఒకసారి మార్చి క్లోజింగ్, ఒకసారి పాపకి జ్వరం, ఇంకోసారి నిజం చెప్పాలంటే బద్ధకం. నవంబర్‌లో పెరటి మెట్టు కనబడక పడిపోయారు. ఎడమచేతి మణికట్టు విరిగింది.

ఆఫీసులో పక్క సీటావిడ, "ఏడాది చివర నిన్ను నువ్వు తిట్టుకోకు, నీ మీద నువ్వు కాస్త దయ చూపించుకో, అప్పుడే ఎదుగుతావు" అంటుంది. మా అక్క, "అదంతా తప్పించుకునే మాట, లెక్క లెక్కే" అంటుంది. ఎవరు చెప్తుంటే వాళ్ళదే కరెక్టనిపిస్తోంది. మీరేమంటారు?

సిరిపురం సీనియర్ (డిసెంబర్ 27, రాత్రి 11:15)

అమ్మా, మీ అక్కగారిదే కరెక్టు. పాతికేళ్ళు ట్యూషన్లు చెప్పినవాణ్ణి. "పర్లేదులే సార్" అన్న కుర్రాడు ఆ పర్లేదు దగ్గరే ఆగిపోయేవాడు. చెంప మీద కొట్టినట్టు మార్కులు కనబడితేనే పుస్తకం తెరిచేవాడు. తప్పు చేస్తే సిగ్గుపడాలి. సిగ్గు కూడా వద్దంటే మనిషి ఇంక దేనికోసం మారతాడు? ఫోన్ తెరిస్తే చాలు, మెత్తటి సంగీతం పెట్టి "నువ్వు చాలు, నువ్వు గొప్ప" అనే రీల్సే. ఒళ్ళు మండిపోతుంది.

పచ్చడి ప్రియుడు (డిసెంబర్ 27, రాత్రి 11:22)

అసలు మన ఏడాది అయ్యేది ఉగాదికి కదండీ. ఇంకా మూడు నెలలు టైముంది. అందరూ పడుకోండి.

బీచ్‌రోడ్ పొద్దు (డిసెంబర్ 28, ఉదయం 6:05)

అక్కా, ఆ డైరీ తీసి అవతల పారెయ్యండి. ఉద్యోగం, పాప, ఇల్లు, అన్నీ మోస్తున్నారు. మీరు చెయ్యగలిగింది మీరు చేశారు. పొద్దున్నే ఆర్కే బీచ్‌కి వచ్చి సముద్రం చూడండి, తేలికవుతుంది.

సిరిపురం సీనియర్ (డిసెంబర్ 28, ఉదయం 7:30)

"చెయ్యగలిగింది చేశారు" అంటున్నారు, ఆవిడే బద్ధకం అని రాశారు కదా! చదవకుండా ఓదార్పు పంచితే ఇలాగే ఉంటుంది.

ఏయూ సైకాలజీ (డిసెంబర్ 28, ఉదయం 9:50)

నేను ఎంఏ సైకాలజీ చదువుతున్నాను. సిరిపురం సార్ మాట, బీచ్‌రోడ్ మాట, ఈ రెండిట్లో ఏదీ స్వీయకరుణ, అంటే మన మీద మనం దయ చూపించుకోవడం, కాదు. మొదటిది కొరడా, రెండోది జోలపాట.

అమెరికాలో టెక్సస్ యూనివర్సిటీలో క్రిస్టిన్ నెఫ్ అనే ఆవిడ 2003లో దీన్ని పరిశోధనకు అందేలా నిర్వచించారు. ఆవిడ లెక్కలో ఇందులో మూడు భాగాలుంటాయి. మన స్నేహితురాలికి ఇదే జరిగితే ఎలా మాట్లాడతామో మనతోనూ అలా మాట్లాడుకోవడం ఒకటి. "నేనొక్కదాన్నే ఇంత చెడ్డదాన్ని" అనుకోకుండా, మనుషులన్నాక పొరపాట్లుంటాయని గుర్తు తెచ్చుకోవడం ఇంకొకటి. మూడోదాన్నే అందరూ మర్చిపోతారు: జరిగినదాన్ని పెంచకుండా, తుంచకుండా ఉన్నదున్నట్టు చూడడం. డైరీ పారేస్తే ఈ మూడోది పోయినట్టే.

సిరిపురం సార్‌కి ఒక సంగతి. 2012లో అమెరికాలోనే బర్క్‌లీ యూనివర్సిటీలో బ్రైన్స్, చెన్ అనే ఇద్దరు పరిశోధకులు విద్యార్థులకి కావాలనే కష్టమైన పదాల పరీక్ష పెట్టారు. ఒక గుంపుతో "ఇది చాలామందికి కష్టంగానే ఉంటుంది, మిమ్మల్ని మీరు మరీ తిట్టుకోకండి" అన్నారు. ఇంకో గుంపుతో "ఈ యూనివర్సిటీలో సీటొచ్చిందంటే మీరు తెలివైనవాళ్ళే" అన్నారు. మూడో గుంపుతో ఏమీ అనలేదు. తర్వాతి పరీక్షకి ముందు ఎక్కువసేపు కూర్చుని చదివింది మొదటి గుంపు. మీకు ఒళ్ళు మండించే "నువ్వు గొప్ప" మాట విన్న రెండో గుంపు కాదు. అంటే రీల్సు విషయంలో మీరూ నేనూ ఒకే పక్క.

కెనడాలో 2010లో వచ్చిన ఇంకో పరిశోధన నేరుగా వాయిదాల మీదే. మొదటి పరీక్షకి చదవడం వాయిదా వేసినందుకు తమని తాము మన్నించుకున్న విద్యార్థులు, రెండో పరీక్షకి తక్కువ వాయిదా వేశారు. మన్నించుకోనివాళ్ళకి పుస్తకం చూస్తేనే పాత తప్పు గుర్తొస్తుంది. అందుకని పుస్తకాన్నే తప్పించుకు తిరుగుతారు.

సిరిపురం సీనియర్ (డిసెంబర్ 28, ఉదయం 10:20)

పదాల పరీక్షా, తండ్రి కళ్ళూ ఒకటేనా తమ్ముడూ?

అల్లిపురం లాయర్ (డిసెంబర్ 28, మధ్యాహ్నం 1:10)

నేను అడగాలనుకున్నది సార్ అడిగేశారు, ఇంకొంచెం ముందుకి తీసుకెళ్తాను. నడక మానేస్తే నష్టం మీకే, మిమ్మల్ని మీరు మన్నించుకోండి, ఎవరికీ అభ్యంతరం లేదు. మెట్టు మీంచి పడింది మాత్రం మీరు కాదు. దెబ్బ తగిలింది ఆయనకి. అలాంటప్పుడు "నన్ను నేను మన్నించుకుంటున్నాను" అనే హక్కు మీకు ఎక్కడినుంచి వచ్చింది? అప్పు తీసుకున్నవాడే అప్పు రద్దు చేసుకున్నట్టుంటుంది.

కటువుగా ఉంటే క్షమించండి మేడం. ఈ స్వీయకరుణ గురించి మాట్లాడేవాళ్ళలో ఎక్కువమంది ఈ ప్రశ్న దగ్గరికి రారు. కోర్టు బయట రోజూ చూస్తుంటాను, పక్కవాడి కొంప ముంచినవాడే ముందుగా మనశ్శాంతి వెతుక్కుంటాడు.

ఏయూ సైకాలజీ (డిసెంబర్ 28, మధ్యాహ్నం 1:45)

కెనడా పరిశోధనలో నష్టపోయింది ఎవరికి వారే. కాబట్టి మీ ప్రశ్నకి దాంట్లో జవాబు లేదు, ఒప్పుకుంటాను. నాకు తెలిసి మన్నించుకోవడం అంటే బాకీ కొట్టేయడం కాదు, బాకీ ఉందని చూడగలిగే స్థితికి రావడం. కానీ ఇది నా మాట, పరిశోధన మాట కాదు.

ఆ ఆరింటిలో ఒకటి గురించి ఒక ముక్క. 1980ల్లో జాన్ నార్‌క్రాస్ అనే సైకాలజిస్టు బృందం అమెరికాలోని పెన్సిల్వేనియాలో కొత్త సంవత్సరం తీర్మానాలు చేసుకున్న 200 మందిని రెండేళ్ళు గమనించింది. మొదటి వారం దాటినవాళ్ళు 77 శాతం, రెండేళ్ళు నిలబెట్టుకున్నవాళ్ళు 19 శాతం. ఆ నిలబెట్టుకున్నవాళ్ళలో కూడా సగానికి పైగా మధ్యలో జారినవాళ్ళే, సగటున 14 సార్లు. జనవరి 19న ఆగినందుకు కాదు బూట్లు పెట్టెలోనే ఉండిపోయింది. 20న మళ్ళీ మొదలుపెట్టడానికి మొహం చెల్లక.

జాలరిపేట కుర్రోడు (డిసెంబర్ 28, సాయంత్రం 5:30)

మాకు డిసెంబర్ 31 అంటే ఏటీ లేదండి, హార్బర్‌లో మామూలు రోజే. మా ఏడాది ఏప్రిల్ 14తో అయిపోతుంది. 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలం కదా. అప్పుడు బోట్లు ఒడ్డుకి లాగి రిపేర్లు, రంగులు.

మా తాత వలని ఇసక మీద పరిచి, ఒక పక్క నుంచి వేళ్ళతో తడుముకుంటూ వెళ్తాడు. చూపు అంతంతమాత్రమే, అయినా వేలికి తెలిసిపోతుంది. చిరుగు దొరికిన చోటల్లా ఎర్రదారం ముక్క కడతాడు. అప్పుడే కుట్టడు. మొత్తం చూశాక, ఎన్ని ఎర్రదారాలున్నాయో లెక్కపెట్టి, అప్పుడు సూది పట్టుకుంటాడు. ఏ చిరుగు ఎవడి వల్లయిందో ఆయనకి తెలుసు, ఎక్కువ నా వల్లే, బండరాళ్ళ దగ్గర లాగేశాను. తిట్టాడా అంటే తిట్టాడు, గానీ కుట్టడం అయిపోయాక. ముందే తిట్టుంటే నేను ఆ రెండు నెలలూ ఒడ్డుకే వచ్చేవాణ్ణి కాదు.

సిరిపురం సార్, మీరు ముందే తిట్టేవారు అనుకుంటా.

సిరిపురం సీనియర్ (డిసెంబర్ 28, సాయంత్రం 5:52)

తిట్టేవాణ్ణి. కొంతమంది ట్యూషన్ మానేశారు కూడా. వాళ్ళు చదువంటే ఇష్టం లేనివాళ్ళని అనుకునేవాణ్ణి.

మిల్లు మావయ్య (డిసెంబర్ 28, రాత్రి 9:15)

గాజువాక నుంచి రాస్తున్నాను. రోలింగ్ మిల్లు మెయింటెనెన్సులో 31 ఏళ్ళు చేసి రిటైరయ్యాను. ఏ ప్లాంటు అని అడక్కండి.

మా దగ్గర "నియర్ మిస్" అనే మాట ఉంటుంది. వెంట్రుకవాసిలో తప్పిన ప్రమాదం. దాన్ని రిజిస్టర్లో రాయాలని రూలు. ఒకరోజు బి షిఫ్టులో క్రేన్ మీంచి బోల్టు ఒకటి, గుప్పెడంత ఉంటుంది, హెల్పర్ కుర్రాడి భుజం పక్కన జానెడు దూరంలో పడింది. వాడు దాన్ని తీసి, అటూ ఇటూ చూసి, స్క్రాపు బకెట్లో పడేశాడు. రిజిస్టర్లో ఏమీ రాయలేదు. నేను చూశాను, నేనూ రాయలేదు. ఎందుకంటే అప్పటి ఇన్‌ఛార్జి ఏం జరిగినా అడిగే మొదటి ప్రశ్న "ఎవడు?". మర్నాటికి మెమో వచ్చేది. ఆయన హయాంలో రిజిస్టర్ తెల్లగా, శుభ్రంగా ఉండేది. పైవాళ్ళు మెచ్చుకునేవారు కూడా.

తర్వాత వచ్చినాయన "ఎవడు" అనేవాడు కాదు. "ఏం జరిగింది? దానికి ముందు ఏం జరిగింది?" అని అడిగేవాడు. ఆరు నెలల్లో రిజిస్టర్ నిండిపోయింది. పైనుంచి ఒకటే గోల, ప్రమాదాలు పెరిగిపోయాయని. పెరగలేదు నాయనా, బయటకొచ్చాయి! ఆ బోల్టుల సంగతి అప్పుడే తేలింది, బిగించే పని రెండు షిఫ్టుల మధ్య ఎవరిదీ కాకుండా ఉండిపోయిందని. అలాగని ఆయన మెత్తటి మనిషని అనుకోకండి. కారణం తేలాక, పని మళ్ళీ చెయ్యకపోతే చుక్కలు చూపించేవాడు.

అమ్మా, నువ్వు ఇప్పుడు నీకు ఆ మొదటి ఇన్‌ఛార్జిలా ఉన్నావు. "ఎవడు?" అంటే "నేనే" అని చెయ్యెత్తేసి, బద్ధకం అని రాసి సంతకం పెట్టేశావు. ఫైలు మూసేశావు. బద్ధకం అనేది మా రిజిస్టర్లో అయితే కారణంగా ఒప్పుకోరు. ఆ మూడోసారి వాయిదాకి ముందురోజు ఏం జరిగింది? అది రాయి.

అల్లిపురం లాయర్ (డిసెంబర్ 28, రాత్రి 9:40)

మావయ్య గారూ, బావుంది. కానీ ఆ బోల్టు ఆ కుర్రాడి భుజం మీద పడుంటే, వాళ్ళమ్మ "ఎవడు?" అని అడగదా? అడిగే హక్కు ఆవిడకి లేదా?

మిల్లు మావయ్య (డిసెంబర్ 28, రాత్రి 9:58)

ఉంది. నేను బోల్టు చూసి నోరు మూసుకున్నవాణ్ణి లాయర్ గారూ, మీరు అడిగింది నాకు తగిలింది. వాళ్ళమ్మకి ఏం చెప్పాలో నాకు ఇప్పటికీ తెలీదు. ఆవిడ దగ్గర తల దించుకోవాల్సిందే. కానీ ఇంకో బోల్టు పడకుండా ఉండాలంటే మాత్రం రిజిస్టర్లో రాయాల్సిందే. ఈ రెండూ వేరే వేరే పనులు.

పోర్టు లెక్కలు (డిసెంబర్ 29, రాత్రి 11:30)

అందరివీ చదివాను. లాయర్ గారి మాట చదివి ఏడ్చాను, కోపం మాత్రం రాలేదు.

మావయ్య గారు అడిగింది రాస్తున్నాను. మూడోసారి అనుకున్నది సెప్టెంబర్‌లో. ముందురోజు రాత్రి మంచాలు ఎలా వెయ్యాలా అని ఇల్లంతా తిరిగాను. మాది రెండు గదుల ఫ్లాటు, మూడో అంతస్తు, లిఫ్టు లేదు. అత్తగారు మాతోనే ఉంటారు. నాన్న వస్తే హాల్లో పడుకోవాలి, కంట్లో చుక్కల మందు రోజుకి ఎన్నిసార్లో వెయ్యాలి, ఆఫీసుంటే ఎవరు వేస్తారు, అత్తగారిని అడగడానికి నాకు మొహమాటం. ఎవరితోనూ అనలేదు. పొద్దున్న లేచి నాన్నకి ఫోన్ చేసి "సెలవు దొరకలేదు" అన్నాను. సెలవు అడగనే లేదు. డైరీలో "బద్ధకం" అని రాసుకున్నాను. నిజానికి బద్ధకం అని రాసుకోవడమే తేలికనిపించింది, ఇదంతా రాయడం కంటే.

సిరిపురం సీనియర్ (డిసెంబర్ 30, ఉదయం 6:45)

అమ్మా, ఇది నేను ఊహించలేదు. నిన్ను తిట్టి ఉంటే ఈ మాట బయటికి వచ్చేది కాదు, అంతవరకు ఒప్పుకుంటున్నాను. అయినా సిగ్గు అక్కర్లేదంటే మాత్రం ఒప్పుకోను. నువ్వు ఇంతదూరం వచ్చింది నీకు సిగ్గుండబట్టే.

అల్లిపురం లాయర్ (డిసెంబర్ 30, ఉదయం 10:05)

సెలవు అబద్ధం సంగతి నాన్నగారికి చెప్పారా? ఇక్కడ మాకు చెప్తే సరిపోదు కదా.

పోర్టు లెక్కలు (డిసెంబర్ 31, సాయంత్రం 7:20)

చెప్పాను, ఇందాకే. అక్కవాళ్ళ ఇల్లు గోపాలపట్నంలో, కింది పోర్షను. ముందు తనతో మాట్లాడాను. నాన్న అక్కడుంటారు, పగలు అక్క చుక్కలు వేస్తుంది, ఆఫీసు నుంచి నేరుగా వెళ్ళి రాత్రివి నేను వేస్తాను. సెలవు చీటీ ఈసారి రాసి ఇచ్చేశాను, సంతకం అయింది.

నాన్నకి సెప్టెంబర్ సంగతి మొత్తం చెప్పాను. మన్నించమని కూడా అడిగాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మీకు లిఫ్టు లేదన్న సంగతి నాకు తెలీదేటి? నేనూ అందుకే గట్టిగా అడగలేదు" అన్నారు. మన్నించానని గానీ, లేదని గానీ అనలేదు. మళ్ళీ అడగడానికి నోరు రాలేదు.

ఫోన్ పెట్టేసే ముందు, మాడుగుల హల్వా అరకిలో సరిపోతుందా, అక్కవాళ్ళకి వేరేగా తేవాలా అని అడిగారు. చెయ్యి కట్టుతో ఉంది, ఏమీ తేవద్దు నాన్నా అన్నాను. కుడిచెయ్యి బాగానే ఉందన్నారు.